పొగమీటరులో రెండు

సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో దిగేసరికి ఉదయం ఆరూ పది. బయట ఇంకా చీకటే. తలుపు దాటగానే తడిగుడ్డ తెచ్చి మొహాన అదిమినట్టు ఉక్క. నా సామాను ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక చేతిసంచి. ట్రంకు మీద తెల్లరంగుతో నా పాత ఆర్మీ నంబరు. చుట్టూ అంతా చక్రాల సూట్‌కేసులు, ల్యాప్‌టాప్ సంచులు. మన కంప్యూటర్ కుర్రాళ్ళు విమానాల నిండా దిగుతున్న రోజులవి. నా ట్రంకు చూసి ఒకడు, "అంకుల్, సారె పెట్టె తెచ్చారా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

పదిహేడేళ్ళు ఆర్మీలో చేశాను. తుపాకీ మోసింది తక్కువ, స్ట్రెచర్ మోసింది ఎక్కువ. మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుని. హవల్దార్‌గా బయటికొచ్చి, రెండేళ్ళ కాంట్రాక్టు మీద సింగపూర్ ఆస్పత్రికి వెళ్ళాను. ఇక్కడ అందరూ అడుగుతుంటారు, అక్కడ ఏం వెలగబెట్టావని. రోడ్లు శుభ్రం, చెత్త వేస్తే జరిమానా అని రెండు ముక్కలు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. మంచుకొండల్లో చేసిన డ్యూటీ గురించి ఎన్నిసార్లయినా చెప్తాను. ఈ డ్యూటీ గురించి ఇదే మొదటిసారి.

బస బెడోక్‌లో. తొమ్మిదో అంతస్తు, ఒక గది, ముగ్గురం. ఐదున్నరకి లేవడం, ఆరుంబావుకి ట్రైన్, ఏడుంబావుకి రిపోర్టింగ్. రెండో అంతస్తులో ఆపరేషన్‌కి ముందు పేషెంట్లని పరీక్ష చేసే క్లినిక్. అందులో నాలుగో నంబరు గది నాది. కిటికీ లేదు. ఏసీ మాత్రం సియాచిన్‌ని గుర్తుచేసేది.

మా కమాండరు సిస్టర్ ఇన్‌ఛార్జ్. చైనా ఆవిడ, యాభై అయిదేళ్ళుంటాయి, పొట్టి జుట్టు, సుబేదార్ మేజర్ నడక. మొదటి రోజు నన్ను పైనుంచి కిందికి చూసి అడిగింది.

"హవల్దార్, నువ్వు సిగరెట్ తాగుతావా?"

"ఎస్ సిస్టర్."

"ఈరోజు ఆపు. మా టీమ్‌లో తాగేవాళ్ళు లేరు లా." మాట చివర 'లా' తగిలించడం అక్కడివాళ్ళ అలవాటు.

ఆపాను. తొమ్మిది రోజులు నరకం చూశాను. చేతులు వణికాయి, రూమ్మేట్ల మీద అరిచాను, రాత్రికి రాత్రి రెండు అచ్చులు బెల్లం తిన్నాను. పదో రోజు నుంచి తేలికపడింది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మానడం ఎంత కష్టమో నాకు తెలుసు. మానడం కుదురుతుందని కూడా తెలుసు.

ఆర్డర్లు సూటిగా ఉండేవి. ఆపరేషన్‌కి వచ్చే ప్రతి మనిషినీ పొగ తాగుతావా అని అడగాలి. ఎవరి సొంత భాషలో వాళ్ళని అడగాలి. సొంత భాషలో మనిషి అబద్ధం తక్కువ చెప్తాడని సిస్టర్ నమ్మకం. తాగుతానంటే ఆపరేషన్ నాలుగు వారాలు వెనక్కి. ఆ ఇరవై ఎనిమిది రోజులూ నేను ఫోన్ చేసి పలకరించాలి. వారానికోసారి పిలిపించి మీటరు ఊదించాలి. అంకె పదిలోపు ఉంటేనే ఆపరేషన్ బల్ల ఎక్కేది. పొగ తాగేవాళ్ళకి కోత తొందరగా మానదు. మత్తు ఇచ్చాక ఊపిరితిత్తుల్లో కఫం నిండుతుంది. దగ్గు తెర వస్తే కుట్లు తెగుతాయి. ఇదంతా గోడ మీద బొమ్మల్లో కూడా ఉండేది.

మీటరు అరచేతిలో పట్టేంత. ముందు అట్టగొట్టం బిగించాలి. ఊపిరి పదిహేను సెకన్లు బిగబట్టి నెమ్మదిగా ఊదాలి. చిన్న తెర మీద అంకె ఎక్కుతూ పోయి ఆగుతుంది. ఒంట్లో పొగ ఎంతుందో అంత. అట్టగొట్టం ఒకసారి వాడి పారెయ్యాలి. మీటరు నా చొక్కా జేబులో ఉండేది, విజిల్ తాడుతో కట్టుకున్నాను.

ఆ పనిలో నేను గట్టివాణ్ణి. అది మాత్రం గొప్ప కోసం అనడం లేదు. ఒక టాక్సీ అంకుల్, కాలి రక్తనాళం ఆపరేషన్. మూడు వారాలయింది, ఒక్కటీ ముట్టలేదన్నాడు. ఊదించాను. ఇరవై రెండు.

"పక్కన ఎవడో తాగాడు లా, ఆ గాలి," అన్నాడు.

"అంకుల్, మనిషి అబద్ధం ఆడతాడు. మీటరు ఆడదు," అన్నాను. ఆపరేషన్ వాయిదా వేయించాను. ఆయన నన్ను నానా తిట్లూ తిట్టి వెళ్ళాడు. నెల తిరిగేసరికి మూడు ఊది, ఆపరేషన్ అయ్యి, తన కాళ్ళ మీద నడిచి వచ్చి నా చేతిలో కమలాపళ్ళ సంచి పెట్టాడు. సిస్టర్ ఆ సంగతి అందరికీ చెప్పింది. నేను ఛాతీ విరుచుకు తిరిగాను.

పద్నాలుగో నెలలో పిన్ని వచ్చింది.

పేరు చెప్పను. వుడ్‌ల్యాండ్స్‌లో ఉండేది. అరవై నాలుగేళ్ళు, ముక్కుకి రెండువైపులా పుడకలు, ముతక నేతచీర. వాళ్ళ తాత మా సిక్కోలు వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటలకి పోయినవాడు. మూడు తరాలయినా ఆ మాట పోలేదు. హాకర్ సెంటర్‌లో, అంటే తిండికొట్ల బజారులో, ఇరవై ఏళ్ళుగా వడల కొట్టు నడుపుతోంది. పాత ఆపరేషన్ కోత దగ్గర పేగు బయటికి పొడుచుకొచ్చింది. హెర్నియా. పిండి బకెట్టు ఎత్తితే చాలు, పిడికిలంత ఉబ్బు. ఆపరేషన్ చేయించుకుంటే గానీ కొట్టు నడపలేదు.

వెంట కొడుకు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు, కంప్యూటర్ కంపెనీ, మెడలో టై, చేతిలో మోగుతూనే ఉన్న ఫోను. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తాడు.

నేను "కూర్చోండమ్మా" అనగానే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఓలమ్మో! తెలుగోడివేటి? ఏ ఊరు నాయినా?"

"సిక్కోలు దగ్గరమ్మా."

"మా తాతోల్లదీ అదే! నాను సూడనేదు గానీ, మా యమ్మ ఎప్పుడూ సెప్పీది. అమ్మా గిమ్మా కాదు, పిన్నీ అనరా."

"సరే పిన్నీ."

సిస్టర్ ఫారం పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. పిన్నికి మలయ్‌లో బేరాలాడడం వచ్చు గానీ ఒంటి సంగతులు చెప్పడం రాదు. "నీ భాషలో అడుగు," అంది నాతో.

"పిన్నీ, పొగ తాగుతావా?"

ఆవిడ ఏమీ దాచలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఇసుమంత కూడా దాచలేదు.

"సిగరెట్టు కాదు నాయినా. సుట్ట. రోజుకి మూడు. అడ్డపొగ." చేయి తిప్పి చూపించింది, నిప్పు నోట్లోకి పెట్టుకునే తీరు. తర్వాత నవ్వుతూ అంది. "మీ యమ్మ తాగదేటి?"

తాగేది. మా అమ్మ తాగేది. మా వైపు ఆడవాళ్ళు చాలామంది చుట్టని తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతారు. పొలంలో గాలికి ఆరిపోకుండా. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, నాట్లు వేసుకోవచ్చు. చిన్నప్పుడు అందులో వింతేమీ కనపడలేదు నాకు. ఒక ఏడాది సెలవకి నా యూనిట్ వాణ్ణొకణ్ణి ఇంటికి తీసుకెళ్ళాను. వాడు మా అమ్మ నోట్లో నిప్పు చూశాడు. తిరిగెళ్ళి బ్యారక్ అంతా చాటాడు. అక్కడి నుంచి నేను "ఆగ్‌వాలీ కా బేటా"ని. నిప్పులావిడ కొడుకుని. మెస్‌లో వడ్డించేవాడి దగ్గర్నుంచి వైర్‌లెస్‌లో మాట్లాడేవాడి దాకా అదే పిలుపు. "ఆగ్‌వాలీ, ఆగ్‌వాలీ, రిపోర్ట్ భేజో, ఓవర్." ఒక్కొక్కడూ పగలబడి నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. రెండోసారి సెలవకి ఎవణ్ణీ తీసుకెళ్ళలేదు. అమ్మ యూనిట్‌కి వస్తానంటే వద్దన్నాను. ఆవిడ పోయేదాకా వద్దనే అన్నాను.

పిన్ని అడిగిన ఆ ఒక్క మాటతో అదంతా గుర్తొచ్చింది. సిస్టర్ ముందు ఆ సంగతి చెప్పాలి. నిప్పు నోట్లో పెట్టుకుంటారు అని చెప్పాలి. ఆవిడ "వాట్?" అంటుంది. పక్కగది నర్సులు వస్తారు. మీ దేశంలో ఆడవాళ్ళు అలాగా అంటారు. మీ అమ్మ కూడానా అంటారు.

"ఏమంటోంది?" అంది సిస్టర్.

నేను నోరు తెరిచేలోపు కొడుకు అందుకున్నాడు. "నో లా సిస్టర్. మై మదర్ వేర్ గాట్ స్మోక్." మా అమ్మ ఎక్కడ తాగుతుంది అని. చెవులదాకా ఎర్రబడ్డాడు. తల్లి చెప్పింది వాడికి పూర్తిగా అర్థమైంది. వాడి సిగ్గు వాడిది.

సిస్టర్ వాడి మాట పట్టించుకోలేదు. ఆర్డరు ప్రకారం నన్నే చూసింది.

"హవల్దార్?"

"నో సిస్టర్. నాన్ స్మోకర్," అన్నాను.

సిస్టర్ టిక్కు పెట్టింది. పెన్ను శబ్దం విన్నాను.

పిన్ని నా జేబులో మీటరు వైపు చెయ్యి చాపింది. "ఇదేటి, ఊదాలా? ఇయ్యి, ఊదుతాను."

"నీకు కాదు పిన్నీ. అది పొగ తాగేవాళ్ళకి. పదిలోపు వస్తేనే వాళ్ళకి ఆపరేషన్ చేస్తారు," అని మీటరు తీసి సొరుగులో పెట్టేశాను.

ఆవిడ నొసలు ముడిచింది. "నానూ తాగుతాను గదా. మానీయాలేటి మరి?"

"మానితే మంచిదే పిన్నీ," అని గొణిగాను. మంచిదే! ఆర్డరు అలాగేనా ఇచ్చేది? టాక్సీ అంకుల్ మీద ఎగిరినవాణ్ణి, ఒక ముసలావిడ తనంతట తాను అడిగితే నీళ్ళు నమిలాను. మంచిదే అంటే ఏ మనిషి మానుతాడు?

పదకొండింటికి మత్తు డాక్టరు చూశాడు. కుర్రాడు, జాగ్రత్త మనిషి. నోరు తెరవమన్నాడు. టార్చి వేసి అంగిలి చూసి ఆగాడు. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి గోధుమరంగు మచ్చలతో కమిలినట్టు ఉంటుంది. మా అమ్మది చూసినవాణ్ణి, నేను గది ఆ మూల నుంచే పోల్చుకోగలను.

"ఈ మచ్చలేమిటి?" అన్నాడు నన్ను.

ఇంకో అవకాశం. పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు.

"తమలపాకు, డాక్టర్. వక్క, సున్నం," అన్నాను.

తల ఊపి రాసుకున్నాడు. అలాంటివాళ్ళు రోజూ నలుగురు వస్తారు మరి.

ఆపరేషన్ పదో రోజున. మంగళవారం, ఉదయం ఎనిమిది. నా ఫోన్ లిస్టులో ఆవిడ పేరు లేదు. లేని పేరుకి ఫోన్ చెయ్యను గదా. ఆ పది రోజులూ ఆవిడ రోజుకి మూడు చుట్టలూ తాగే ఉంటుంది. ఎందుకు తాగదు? ఎవరు వద్దన్నారు?

గురువారం జ్వరం. శుక్రవారం తెల్లారి దగ్గు. తెర మీద తెర. ఎనిమిదిన్నరకి కుట్లు తెగాయి. తొమ్మిదింటికి మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి ఐసీయూ. గొంతులో గొట్టం, యంత్రం ఊపిరి. పదకొండు రోజులు.

నాకు కబురు తెచ్చింది పోర్టరు. మలయ్ ఆయన, స్ట్రెచర్లు తోసేవాడు, నేను అబాంగ్ అనేవాణ్ణి, అంటే అన్న. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, "మీ వడల ఆంటీ బాగోలేదు. నేనే తోసుకెళ్ళాను," అన్నాడు. "మకాన్ చెయ్యి, తిను, చల్లారిపోతుంది," అని నా పళ్ళెం నా ముందుకి జరిపాడు. పళ్ళెం అలాగే వదిలి లేచాను.

మధ్యాహ్నం రెండింటికి సిస్టర్ ఫోను. "హవల్దార్. ఐసీయూ. నౌ."

వరండాలో మత్తు డాక్టరు, సిస్టర్, కొడుకు. డాక్టరు చేతిలో ఎక్స్‌రే. "ఇవి నలభై ఏళ్ళు పొగ తాగిన ఊపిరితిత్తులు," అన్నాడు. అరవలేదు. అరిస్తే బావుండును. "నువ్వు అడిగావా?"

ఆ క్షణంలో చెప్పేస్తే సరిపోయేది. కాంట్రాక్టు పోయేది, ఇంటికి పంపేసేవాళ్ళు, అంతేగా. పదిహేడేళ్ళు యూనిఫాం వేసినవాణ్ణి. షెల్లింగ్‌లో స్ట్రెచర్ వదలని మనిషిని.

"అడిగాను సార్. తాగనంది," అన్నాను.

డాక్టరు ఫైల్లో రాశాడు. పేషెంటు తాగనని చెప్పింది, అని. నా కళ్ళముందే రాశాడు. నిజం చెప్పిన మనిషి కాగితం మీద అబద్ధాలకోరు అయిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ అక్కడెక్కడో ఉంటుంది. కొడుకు తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడు నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరు మగాళ్ళం.

పన్నెండో రోజు గొట్టం తీశారు. పద్నాలుగో రోజు మాట వచ్చింది, బొంగురుగా. సిస్టర్ నన్ను మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడకి కోపం లేదు, బాధే. "ఎందుకు చెప్పలేదో అడుగు. ఇంకో పేషెంటుకి ఇలా జరగకూడదు. మనం అడగడంలో ఏం తప్పుందో తెలియాలి లా."

మంచానికి అటు కొడుకు. ఇటు నేను. నేనే అడగాలి. ఏ నోటితో అడగను?

"పిన్నీ," అన్నాను. "పొగ తాగే సంగతి... ఎందుకు చెప్పలేదని అడుగుతున్నారు."

ఆవిడ నన్ను చూసింది. కోపంగా కాదు. నాకు మతి తప్పిందేమో అన్నట్టు చూసింది.

"నీకు సెప్పినాను గదరా," అంది. "రోజుకి మూడని కూడా సెప్పినాను. మానీయాలా అని అడిగినాను. మానీమని ఒక్కమాట అనుంటే మానీదును గదరా నాయినా."

కొడుకు తలెత్తాడు. వాడికి ప్రతి ముక్కా అర్థమైంది. వాడూ నేనూ ఒకరి కళ్ళల్లోకి ఒకరం చూసుకున్నాం. ముందు ఎవడు చెప్తాడా అని. ముందు కళ్ళు దించింది వాడే, కానీ మాట మార్చింది నేను.

"ఏమంటోంది?" అంది సిస్టర్.

"సారీ అంటోంది, సిస్టర్."

తల కొట్టేసినట్టయింది నాకు, ఆ మాట నా నోటినుంచే విన్నాక. సిస్టర్ వంగి పిన్ని చెయ్యి నిమిరింది. "నెవర్ మైండ్, ఆంటీ, నెవర్ మైండ్," అంది. పిన్నికి ఎందుకు ఓదారుస్తున్నారో తెలియలేదు. మర్యాదగా తల ఊపింది.

ఐదో వారంలో పంపించేశారు. హెర్నియా మునుపటికంటే పెద్దదయింది. ఊపిరితిత్తులు ఇంకో మత్తుకి తట్టుకోవన్నారు. పొట్టకి బెల్టు, ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు, చక్రాల కుర్చీ. కొట్టు కొడుకు వదిలేశాడు. వేరే ఎవరో తీసుకున్నారని అబాంగ్ చెప్పాడు. ఒక ఆదివారం వుడ్‌ల్యాండ్స్ వెళ్ళాను. స్టేషన్ మెట్లు దిగి, వాళ్ళ బ్లాకు కింద దాకా వెళ్ళి, లిఫ్టు నొక్కాను. లిఫ్టు వచ్చింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. నేను ఎక్కలేదు. ఏ మొహం పెట్టుకుని ఎక్కను?

ఒక్క పని చేశాను. ఆ తర్వాత నా గదికి వచ్చిన ప్రతి మనిషినీ, తాగినా తాగకపోయినా, ఊదించాను. ఎందుకని సిస్టర్ అడిగితే, "ఏది తాగుతారో మనకేం తెలుసు సిస్టర్. ప్రతి ఊళ్ళో ఒక్కో రకం," అన్నాను. అంత దాకా వచ్చాను. మిగతాది రాలేదు. సిస్టర్ మెచ్చుకుని దాన్నే ఆర్డరు చేసింది. కాంట్రాక్టు చివరి రోజు నాకో ప్రశంసాపత్రం ఇచ్చింది. అటెన్షన్‌లో నిలబడి తీసుకున్నాను. ఛీ.

తిరిగి దిగింది విశాఖలో, మధ్యాహ్నం మూడింటికి, వానలో. ట్రంకు అదే. అడుగున ఆ పత్రం. ఇంట్లో ఫ్రేము కట్టిద్దామన్నారు, వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.

ఒకటి మిగిలింది. అది అసలు చెప్పే ఉద్దేశం లేదు.

పిన్ని డిశ్చార్జికి ముందు రోజు. ఉదయం పది. వార్డులో ఎవరూ లేరు. నిజం ఒప్పుకుందామనే వెళ్ళాను. సిస్టర్ దగ్గర కాకపోయినా ఆవిడ కాళ్ళ దగ్గరైనా. కుర్చీలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. నన్ను చూసి, జేబులో మీటరు చూసి, చెయ్యి చాపింది.

"ఇప్పుడైనా ఇయ్యరా. ఊదుతాను."

కొత్త అట్టగొట్టం బిగించి ఇచ్చాను. పదిహేను సెకన్లు బిగబట్టలేకపోయింది. ఐదు పట్టింది. రెండు చేతులతో మీటరు పట్టుకుని, బుగ్గలు పొంగించి, కళ్ళు మూసుకుని ఊదింది. బుడగ ఊదే చంటిపిల్లలా శ్రద్ధగా. అంకె ఒకటి చూపించింది. రెండు చూపించింది. ఆగిపోయింది. అప్పటిదాకా నా రిజిస్టరులో పొగ మానినవాళ్ళెవరికీ అంత తక్కువ రాలేదు.

"ఎంతొచ్చింది?"

"రెండు పిన్నీ."

పిన్ని మొహం విప్పారింది. ముక్కు పుడకలు రెండూ మెరిశాయి.

"పదిలోపు వొస్తే సేస్తారన్నావు గదా. అయితే మల్లీ ఆపరేషన్ సేస్తారా నాయినా? బకెట్టు ఎత్తాల గదా నాను."

మీటరు ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉంది. నా జవాబు కోసం చూస్తోంది.